పిలవని పేరంటం: మొదటి రొమ్ము పరీక్షకు ముందు

గుంటూరులో 48 ఏళ్ల ఇల్లాలు ఒకావిడ ఉందనుకుందాం. ఒంట్లో నలతేమీ లేదు. రొమ్ములో గడ్డ లేదు, నొప్పి లేదు. అక్టోబరు నెలలో ఎక్కడ చూసినా గులాబీ రిబ్బన్లే కనిపిస్తుంటే, ఓసారి పరీక్ష చేయించుకుంటే పోలా అనుకుంది. డల్లాస్‌లో ఉన్న కూతురికి ఆ మాట చెబితే, "అమ్మా, ఇక్కడ నలభై నిండగానే మొదలుపెట్టమంటారు. నువ్విప్పటికే ఎనిమిదేళ్లు ఆలస్యం" అంది. లండన్‌లో ఉన్న తమ్ముడి భార్య, "మాకైతే యాభై దాటితేగానీ ఉత్తరం రాదు వదినా, అంత కంగారెందుకు?" అంది. మర్నాడు గుమ్మం ముందుకొచ్చిన ఆశా కార్యకర్త, "ముప్పై దాటిన వాళ్లందరూ సెంటర్‌కి రావాలమ్మా. చేత్తోనే చూస్తారు, మిషనేం ఉండదు" అని పేరు రాసుకుని వెళ్లింది.

ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2024లో, 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోమంది. అదే దేశంలోని క్యాన్సర్ సొసైటీ మాత్రం 45 నుంచి 54 దాకా ఏటా, ఆ తర్వాత రెండేళ్లకోసారి అంటుంది. నలభైకీ నలభై అయిదుకీ మధ్య మీ ఇష్టమంటుంది. బ్రిటన్‌లో 50కీ 53కీ మధ్య మొదటి పిలుపు వస్తుంది, 71 నిండేదాకా మూడేళ్లకోసారి వస్తూనే ఉంటుంది. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఊరూరా చేయాల్సిన పరీక్షగా మామోగ్రామ్ లేదు. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి తర్ఫీదు పొందిన చేతితో రొమ్ము పరీక్ష చేయాలనీ, అనుమానం ఉన్నవాళ్లనే పై ఆసుపత్రికి పంపాలనీ అందులో ఉంది.

అన్ని దేశాల్లోనూ ఒకటే అవయవం, ఒకటే జబ్బు. మరి ఇన్ని జవాబులెందుకు? ఎవరి ప్రశ్న వాళ్లది కాబట్టి. ఒకరు వీలైనన్ని ప్రాణాలు కాపాడటం ఎలా అని లెక్క వేశారు. ఇంకొకరు ఆ క్రమంలో ఎంతమంది ఆరోగ్యవంతుల్ని అనవసరంగా రోగుల్ని చేస్తున్నామో కూడా తూకం వేశారు. మనవాళ్లు ఉన్న చేతులతో, ఉన్న డబ్బుతో ఏం చేయగలమో చూసుకున్నారు. మొదటిసారి పరీక్షకు వెళ్లబోయే ఆవిడ, ఆ రోజు వేసుకునే బట్టలూ బంగారం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తన ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక గీత గీయాలి. స్క్రీనింగ్ అనేది ఏ లక్షణమూ లేనివాళ్లకు చేసే పరీక్ష. గడ్డ చేతికి తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కలిసిన స్రావం వచ్చినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చంకలో బిళ్ల కట్టినా అది స్క్రీనింగ్ వ్యవహారం కాదు. ఆ మనిషి క్యాంపు కోసమో, పండగ ఆఫర్‌లో వచ్చే హెల్త్ ప్యాకేజీ కోసమో ఆగకూడదు. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చేత్తో పరీక్ష, మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష, ఇవన్నీ కలిపి చూసి తేల్చాలి. గడ్డ ఉండగా మామోగ్రామ్ ఒక్కటే తీయించుకుని, బాగుందన్నారని ఇంటికి రావడం చాలా ప్రమాదం. ఎందుకంటే ఎంత మంచి మిషనైనా పది క్యాన్సర్లలో ఒకటో రెండో చూడలేకపోతుంది. మన దగ్గర ప్రాణాలు పోతున్నది ఎక్కువగా ఈ గీత దగ్గరే. నొప్పి లేదు కదా అని ఆర్నెల్లు, పెళ్లి సీజన్ అయ్యాక చూద్దామని ఇంకో ఆర్నెల్లు. పాతకాలం వాళ్లు రాచపుండు అన్నప్పుడు నిజంగానే పుండయ్యాకే ఆ జబ్బు బయటపడేది. పేరు మారింది గానీ, బయటికి చెప్పడానికి పట్టే కాలం కొన్ని ఇళ్లలో ఇంకా పెద్దగా తగ్గలేదు.

ఇక లక్షణాలు లేనివాళ్ల సంగతి. 1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలొమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన దాదాపు మూడు వేల రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి, లోపలి గడ్డ తీరు ఫొటోలో ఎలా కనిపిస్తుందో రాశాడు. బతికున్నవాళ్లకు ఆ పరీక్ష పనికొచ్చే స్థాయికి రావడానికి మరో నలభై యాభై ఏళ్లు పట్టింది. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీస్తే బొమ్మ తేటగా వస్తుందని పట్టుబట్టినవాడు ఉరుగ్వే డాక్టరు రౌల్ లెబోర్న్. ఈ రోజుకీ ఆడవాళ్లు తిట్టుకునే ఆ నొక్కుడు ఆయన చలవే. 1963లో న్యూయార్క్‌లో ఒక బీమా సంస్థ సభ్యులైన సుమారు 62 వేల మంది మహిళల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపును మామోగ్రామ్‌కీ చేతి పరీక్షకీ పిలిచారు. పిలిచిన గుంపులో ఈ జబ్బుతో చావులు తగ్గాయి. ఆ తర్వాత స్వీడన్ అధ్యయనాలు లాభం ఉందన్నాయి, కెనడా అధ్యయనం లేదంది. పరిశోధకుల మధ్య మాటల యుద్ధం ముప్పై ఏళ్లకు పైగా నడిచింది.

ఆ పోట్లాటలో సామాన్యుడికి అర్థమయ్యే లెక్క చెప్పినవాళ్లు, 2012లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన కూర్చున్న బ్రిటిష్ నిపుణులు. యాభై ఏళ్ల ఆడవాళ్లను 10,000 మందిని తీసుకుని ఇరవై ఏళ్లపాటు మూడేళ్లకోసారి పిలిస్తే, 43 మంది రొమ్ము క్యాన్సర్ చావు తప్పించుకుంటారు. అదే పది వేల మందిలో 129 మందికి, పరీక్షే చేయించుకోకపోతే బతికినంత కాలం బయటపడని క్యాన్సర్ దొరుకుతుంది. అంటే కాపాడిన ఒక్కో ప్రాణానికీ ముగ్గురు అక్కర్లేని ఆపరేషనో రేడియేషనో భరిస్తారు. ఆ ముగ్గురు ఎవరో డాక్టరుకీ తెలియదు, వాళ్లకూ తెలియదు. నెమ్మదిగా పెరిగి ఎప్పటికీ హాని చేయనిదీ, రేపే పాకేదీ మొదటి రోజు మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపించవచ్చు. అందుకే దొరికిన ప్రతిదానికీ చికిత్స చేస్తారు.

ఈ సంగతి మన గులాబీ ర్యాలీల్లో ఎవరూ చెప్పరు. చెబితే వచ్చేవాళ్లు కూడా రారని భయం. నా మటుకు నాకు అది తప్పనిపిస్తుంది. లాభం నిజం, నష్టమూ నిజం. రెండూ విన్నాక కూడా చాలామంది పరీక్షకే మొగ్గుతారు, అది సబబైన నిర్ణయమే. కాకపోతే తెలిసి వెళ్లిన మనిషి, రేపు రిపోర్టులో ఏదైనా వస్తే తెలియక వెళ్లిన మనిషిలా కుప్పకూలదు.

నలభైలో ఉన్నవాళ్ల విషయంలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఆ వయసులో రొమ్ములో కొవ్వు తక్కువ, పాలగ్రంథుల కండ ఎక్కువ. ఎక్స్‌రేలో ఆ కండ తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. పత్తి చేలో కొంగను వెతికినట్టుంటుంది రేడియాలజిస్టు పని. అందుకే చిన్న వయసులో తప్పిపోయేవీ ఎక్కువే, ఉత్తుత్తి అనుమానాలూ ఎక్కువే. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి ప్రతి మామోగ్రామ్ కేంద్రమూ మీ రొమ్ములో ఆ కండ ఎంత దట్టంగా ఉందో, అంటే సాంద్రత ఎంతో, మీకు రాసి ఇవ్వాలని నిబంధన పెట్టారు. జపాన్ వాళ్లు నలభైల్లో ఉన్న 72 వేల మందికి పైగా మహిళల మీద ఒక అధ్యయనం చేసి 2016లో ప్రకటించారు. మామోగ్రామ్ ఒక్కటే తీస్తే నూటికి 77 క్యాన్సర్లు చిక్కాయి, దానికి అల్ట్రాసౌండ్ జోడిస్తే 91 చిక్కాయి. ఉత్తుత్తి అనుమానాలు కూడా దాంతోపాటే పెరిగాయి. మన దగ్గర నలభై అయిదేళ్లావిడకు మామోగ్రామ్‌తోపాటు స్కానింగ్ కూడా రాస్తే అది డబ్బు గుంజడానికేనని వెంటనే అనుకోనక్కర్లేదు. రిపోర్టులో సాంద్రత ఎక్కువని చెప్పే సి అనో డి అనో ఉంటే ఆ స్కానింగ్‌కి కారణం ఉన్నట్టే.

మన దేశం దగ్గరికి వస్తే అంకెలు వేరే కథ చెబుతాయి. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఏడాదికి దాదాపు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 98 వేల మందికి పైగా చనిపోయారు. వయసు తేడాలు సర్దుబాటు చేసి చూస్తే జబ్బు రేటు అమెరికాలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేదు. కానీ అక్కడ కొత్త కేసులు ఆరుంటే చావు ఒకటి, ఇక్కడ రెండుంటే చావు ఒకటి. జబ్బు మనకు తక్కువే, చావే ఎక్కువ. ఆలస్యంగా రావడం, మధ్యలో వైద్యం మానేయడం దీనికి పెద్ద కారణాలు.

అయితే దేశం మొత్తానికి ఒకే కొలబద్ద పనికిరాదు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో ఇచ్చిన నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది మహిళలకు 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దాని తర్వాతే. ఆలస్యపు పెళ్లిళ్లు, ఒకరిద్దరే పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం, కూర్చుని చేసే ఉద్యోగాలు, పెరిగే బరువు, ఇవన్నీ ఈ జబ్బు ముప్పును పెంచేవే. నగరం వాటన్నిటినీ ఒక చోట చేర్చింది. మనవాళ్లకు పదేళ్లు ముందే వస్తుందని తరచూ వింటుంటాం. రోగుల సగటు వయసు అలాగే ఉన్న మాట నిజమే. కానీ మన జనాభాలో వయసు మళ్లినవాళ్లు తక్కువ కాబట్టి సగటు ఎలాగూ కిందికే ఉంటుంది. నలభై అయిదేళ్ల తెలుగావిడకు అదే వయసు అమెరికనావిడ కంటే ముప్పు ఎక్కువని దాని అర్థం కాదు.

మరి పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్ని అడిగితే, జీవితంలో ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు, 0.9 శాతం. బ్రిటన్ వాళ్ల ఉత్తరం 1988 నుంచి తలుపు తడుతోంది. మనకు ఇది ఈనాటికీ పిలవని పేరంటమే. వెళ్లినవాళ్లు వెళ్తారు, బొట్టు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడిప్పుడే బయల్దేరుతున్నారు.

చేత్తో చూసేదాంట్లో ఏముంది అని చదువుకున్న ఆడవాళ్లు పెదవి విరుస్తారు. ముంబయి అధ్యయనం సంగతి వాళ్లు వినాలి. 1998లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు అక్కడి మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల మహిళలు 1,51,538 మందిని ఎంచుకున్నారు. సగం మందికి రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్ష చేశారు. డాక్టర్లు కాదు, మిషన్లు లేవు. ఇరవై ఏళ్లు వెంటబడి లెక్క తీసి 2021లో ప్రకటించారు. ముదిరిన మూడు, నాలుగు దశల్లో దొరికినవి రెండో గుంపులో 47 శాతం ఉంటే, పరీక్ష జరిగిన గుంపులో 37 శాతమే. యాభై దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మాత్రం తేడా కనపడలేదు. అన్ని వయసులూ కలిపితే వచ్చిన 15 శాతం తగ్గుదల గణాంకాల పరీక్షకు నిలవలేదు. గొప్పగా చెప్పుకోవడానికీ వీల్లేదు, కొట్టిపారేయడానికీ వీల్లేదు. కానీ ఒక మామోగ్రామ్ మిషన్ ఖరీదు, దాన్ని చదివే రేడియాలజిస్టు కొరత తెలిసినవాళ్లకు ఈ ఫలితం విలువ తెలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. సర్జన్ పి. రఘురామ్ 2007లో తన తల్లి పేరున హైదరాబాద్‌లో నెలకొల్పిన ఉషాలక్ష్మి ఫౌండేషన్, 2012-16 మధ్య రెండు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పేద మహిళలకు ఈ చేతి పరీక్షే పెద్ద ఎత్తున చేయించింది. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లలో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించి, క్యాన్సర్ పరీక్షలు కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి ఇంటింటికీ వెళ్లి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలు అడిగే సర్వే నడిచింది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వారి పింక్ బస్సు మామోగ్రామ్ మిషన్‌ని ఊళ్లకే తీసుకెళ్తోంది. ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎమ్) చేయి వేస్తానంటే సిగ్గుపడి, మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం అని పంపేయడం ఉచితంగా వచ్చినదాన్ని వదులుకోవడమే.

ఇక్కడే ఏది పరీక్ష కాదో కూడా చెప్పుకోవాలి. ఒంటి వేడిని కెమెరాతో కొలిచి, ముట్టుకోనక్కర్లేదు, రేడియేషన్ లేదు అని చెప్పే థర్మల్ స్కాన్ క్యాంపులు అపార్ట్‌మెంట్లలో తరచూ పెడుతున్నారు. అది మామోగ్రామ్‌కి బదులు కాదని అమెరికా ఆహార ఔషధ సంస్థ పలుమార్లు హెచ్చరించింది. ఫుల్ బాడీ చెకప్‌లో సీఏ 15-3 అనే రక్తపరీక్ష కలిపి, రొమ్ము క్యాన్సర్ కూడా చూశాం అనే ల్యాబులున్నాయి. ఆ పరీక్ష జబ్బు ఉన్నవాళ్ల చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి పనికొస్తుందిగానీ, లేనివాళ్లలో వెతకడానికి కాదు. ఇక నెలనెలా అద్దం ముందు స్వీయపరీక్ష. షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మందిలో సగం మందికి దాన్ని పద్ధతిగా నేర్పి పదేళ్లు చూశారు. చావులు నేర్పినవాళ్లలో 135, నేర్పనివాళ్లలో 131. పైగా నేర్పినవాళ్లు హాని లేని గడ్డలకు ఎక్కువ బయాప్సీలు (ముక్క తీసి చూసే పరీక్షలు) చేయించుకున్నారు. అందుకని ఇప్పుడు తేదీ పెట్టుకుని వెతకమనరు, స్నానం చేసేటప్పుడూ బట్టలు మార్చుకునేటప్పుడూ తన ఒంటి తీరు తెలిసి ఉండమంటారు. మారితే వెంటనే చూపించుకోమంటారు.

కుటుంబ చరిత్ర దగ్గర మనవాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. మా వంశంలో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు అనుకోవడం మొదటిది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ లేదు. తల్లి వైపు మాత్రమే లెక్క చూడటం రెండోది. 1990ల నడుమ గుర్తించిన బీఆర్‌సీఏ జన్యువుల లోపం తండ్రి నుంచి కూడా వస్తుంది. మేనత్తకు నలభైలో రొమ్ము క్యాన్సర్, నాయనమ్మకు అండాశయ క్యాన్సర్ ఉంటే అది చెప్పాల్సిన సంగతే. అలాంటి ఇంటి ఆడవాళ్లకు పై లెక్కలేవీ వర్తించవు. ముప్పైల్లోనే, ఎంఆర్ఐతో సహా, వేరే పద్ధతి ఉంటుంది. పరీక్షకు వెళ్లే ముందు ఒక సాయంత్రం పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఎవరు ఏ వయసులో దేనితో పోయారో కాగితం మీద రాసుకోండి. కడుపులో గడ్డతో పోయింది అని ఎప్పుడో అనుకున్న మాట వెనక ఏముందో అప్పుడైనా బయటికొస్తుంది.

సరే, గుంటూరు ఆవిడ అన్నీ విని మామోగ్రామ్‌కే సిద్ధపడింది. నెలసరి వచ్చేవాళ్లయితే ముట్టు అయిపోయాక వచ్చే వారంలో తేదీ పెట్టుకోవడం మేలు, అప్పుడు రొమ్ములు అంతగా సలపవు. టిఫిను మామూలుగా తినొచ్చు, బీపీ షుగర్ మాత్రలు మామూలుగా వేసుకోవచ్చు. స్నానం చేసి చంకల్లో పౌడరు, రోలాన్, స్ప్రే, ఒంటికి క్రీములు రాసుకోకుండా వెళ్లాలి. వాటిలోని అల్యూమినియం లాంటి రేణువులు ఫొటోలో సున్నపు చుక్కల్లా పడతాయి, ఆ చుక్కలే తొలిదశ క్యాన్సర్‌కి ఒక గుర్తు కాబట్టి లేనిపోని గొడవ. పాశ్చాత్య కరపత్రాల్లో రెండు ముక్కల దుస్తులు వేసుకు రమ్మని పేరాలకు పేరాలు రాస్తారు. మన చీర రవికా ఆ చిక్కు ఎప్పుడో తీర్చేసింది. పొడవాటి కుర్తా, గౌను మాత్రం వద్దు. గొలుసులూ నల్లపూసలూ ఫొటోకి అడ్డం రాకూడదు. తాళి తీయడం ఇష్టం లేనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, వీపు వైపు వేసుకోవడమో మరొకటో దారి చూస్తారు. తీసేది ఆడమనిషేనా అన్నది ఫోన్లోనే అడగండి, అడగడం నామోషీ కాదు. గర్భం ఉందన్న అనుమానం, పాలిస్తున్న బిడ్డ, పాత ఆపరేషన్, ఈమధ్య వేసుకున్న టీకా, ఇవి దాచకుండా చెప్పాలి.

లోపల జరిగేది ఇరవై నిమిషాల పని. ఒక్కో రొమ్మును పలక మీద పెట్టి పై నుంచి ఇంకో పలకతో నొక్కుతారు. పై నుంచి కిందికి ఒకటి, ఏటవాలుగా ఒకటి, రెండు వైపులా కలిపి నాలుగు బొమ్మలు. నొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. కొందరికి ఒత్తిడిలా ఉంటుంది, కొందరికి గట్టిగానే నొస్తుంది, నొప్పి ఉండదని చెప్పడం మర్యాద కోసమే. ఎంత పలచగా నొక్కితే అంత తక్కువ రేడియేషన్ చాలు, ఒకదాని మీద ఒకటి పడ్డ పొరలూ విడిపోతాయి. భరించలేకపోతే ఆపమనొచ్చు, ఆపుతారు. ఇక రేడియేషన్ అంటారా, నేల నుంచీ ఆకాశం నుంచీ మన ఒంట్లోకి సహజంగా ఏడెనిమిది వారాల్లో చేరేంత.

అసలు సిద్ధపడాల్సింది ఆ ఇరవై నిమిషాలకు కాదు, ఆ తర్వాత వచ్చే కాగితానికి. దాంట్లో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే మామూలు. రెండు అంటే ఏదో ఉంది గానీ హాని లేనిది. మూడు అంటే హాని లేనిదే కావచ్చు, ఆర్నెల్లకు మళ్లీ చూద్దాం అని. క్యాన్సర్ అయ్యే అవకాశం అక్కడ నూటికి రెండు మించదు. నాలుగు, అయిదు అంటే ముక్క తీసి చూడాల్సిందే. నాలుగులో అవకాశం నూటికి రెండు నుంచి తొంభై అయిదు దాకా ఎక్కడైనా ఉండవచ్చు, అయిదులో అంతకు మించి. అందరినీ బోల్తా కొట్టించేది సున్నా. జీరో వచ్చింది, అంటే ఏమీ లేదన్నమాట అని సంబరపడి కాగితం మడిచి పెట్టేసే ప్రమాదం ఉంది. సున్నా అంటే ఇంకా తేలలేదు, మరికొన్ని బొమ్మలో స్కానింగో కావాలి అని అర్థం.

మొదటిసారి వెళ్లినవాళ్లకు ఆ సున్నా రావడం మామూలే. బ్రిటన్‌లో మొత్తం మీద వందలో నలుగురిని మళ్లీ పిలుస్తారు, ఆ నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. మొదటి విడతలో ఇలా మళ్లీ పిలవడం తర్వాతి విడతలకు రెండింతలకు పైనే. కారణం చిన్నది. పోల్చి చూడటానికి పాత బొమ్మ లేదు. పదేళ్లుగా అక్కడే అంతే ఉన్న మచ్చ, నిన్న పుట్టిన మచ్చ, మొదటి ఫొటోలో రెండూ ఒక్కటే. అందుకని వెళ్లకముందే నాలుగు సంగతులు ఇంట్లో తేల్చుకుని ఉండాలి: మళ్లీ రమ్మంటే ఎక్కడికి, ఎవరు తోడు, డబ్బెంత, ఆ కబురు ముందు ఎవరికి చెప్పాలి. క్యాంపుల్లో ఉచితంగా తీసిన మామోగ్రామ్ చాలాసార్లు ఈ మలుపు దగ్గరే ఆగిపోతుంది. మొదటి మెట్టు ఉచితం, రెండో మెట్టుకు జేబు తడుముకోవాలి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో వస్తాయి. జబ్బు తేలకముందు చేసే పరీక్షల ఖర్చు ఎవరిదో ముందే అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి లాంటి చోట్ల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ఫోన్‌లో నంబరుతో సహా ఉంచుకుంటే నష్టం లేదు.

బయాప్సీ మాట వినగానే ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "సూది పెడితే పాకుతుందట, గాలి తగిలితే ముదురుతుందట" అని. దశాబ్దాలుగా లక్షల మందికి ఆపరేషన్‌కి ముందు సూదితోనే ముక్క తీసి చూస్తున్నారు. దానివల్ల జబ్బు పాకి ప్రాణం మీదికి వస్తుందనడానికి ఆధారం లేదు. ఆ అపోహకు భయపడి సూది పరీక్ష లేకుండా నేరుగా గడ్డ కోయించుకునేవాళ్లకే నష్టం. ఏ రకం క్యాన్సరో, ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేస్తే రొమ్మును నిలపవచ్చేమో తేల్చే అవకాశం ఆ కోతతో పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన లక్ష్యాల్లో ఒకటి, అనుమానంతో వచ్చిన మనిషికి అరవై రోజుల్లోపు జబ్బు ఉందో లేదో తేలాలన్నది. అది దేశాలకు పెట్టిన లెక్కే గానీ, ఒక ఇంటి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడానికీ బాగుంటుంది. మళ్లీ రమ్మన్న రోజు నుంచి అరవై లెక్కపెట్టుకుని, ఆ గడి చుట్టూ సున్నా చుట్టండి. మధ్యలో సంక్రాంతి వచ్చినా ముహూర్తం వచ్చినా ఆ గడి జరగదు.

మామూలుగా ఉందని వస్తే ఇంకో పని మిగులుతుంది. రిపోర్టు కాగితం ఒక్కటే ఇచ్చి పంపితే ఊరుకోకుండా బొమ్మలు అడిగి తీసుకోవాలి. సీడీ అయితే గీతలు పడి రెండేళ్లకు తెరుచుకోకపోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, డల్లాస్ అమ్మాయి దగ్గర ఇంకో కాపీ ఉంచితే మంచిది. ఫిల్ములయితే వేసవి ఉక్కకు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కవర్లోంచి తీయకుండా, మడవకుండా, బీరువాలో పొలం కాగితాలు పెట్టే అరలో నిలువుగా పెట్టాలి. కవరు మీద పెన్నుతో తేదీ, ఆ నాటి వయసు, బైరాడ్స్ అంకె రాయాలి. రెండేళ్ల తర్వాత కౌంటర్ దగ్గర పాత ఫిల్ములున్నాయా అని అడిగినప్పుడు ఈ కవరే తీసి ఇవ్వాలి.